బంద్ కాని మోటార్

జనవరి 8

ఈ రోజుతో పాత కంపైలర్‌ను వదిలేశాను. కొత్త బ్యాచ్ చిప్‌లకు అది పనికిరాదని మా కంపెనీ నడిపే రాజేందర్ సార్‌కు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. చివరికి ఒప్పుకున్నారు.

పొద్దున బాపు ఫోన్ చేసి, "ఇయ్యాల ఏం పని చేస్తానవ్ బిడ్డా?" అన్నాడు.

"నేను రాసింది చిప్‌కు అర్థమయ్యేటట్టు మార్చే సాఫ్ట్‌వేర్ ఉంటది బాపు. దాన్ని మారుస్తాన."

"కొత్తది మంచిగ చెప్తదా?"

"పాతదాని కంటే మంచిగ చెప్తది."

నిజంగానే మంచిది. అదే కోడ్ ఇప్పుడు ఎంత చిన్నగా వచ్చిందో! హెచ్చరికలు మాత్రం స్క్రీన్ నిండా కురిశాయి. అన్నీ ఒకే రకం, మెమొరీలో చిరునామా సరిగ్గా కుదరకపోవచ్చు అని. ఇన్నేళ్లుగా కుదురుతూనే ఉంది. ఆ రకం హెచ్చరికలు రాకుండా ఆపేశాను.

జనవరి 11

బల్ల మీది స్టార్టర్, పొలం మోటార్లను ఫోన్‌తో నడిపేందుకు మేం చేసే డబ్బా, ఒకసారి బిగుసుకుపోయింది. ప్లగ్ పీకి, బ్యాటరీ మీద నడుస్తుండగా నా ఫోన్ నుంచి ఆఫ్ పంపాను. 'మోటార్ ఆఫ్' అని జవాబు వచ్చింది, కానీ మోటార్‌కు కరెంటు కలిపే లోపలి స్విచ్, రిలే, ఆఫ్‌లోకి పడలేదు. ఆ తర్వాత ఏం పంపినా ఉలుకూ పలుకూ లేదు.

ఎందుకో తేల్చాలని సాయంత్రం దాకా కూర్చున్నాను. తేలలేదు. ప్లగ్ వదులుగా ఉన్నట్టుంది. మార్చాను. ఫోన్‌లో పంపేవాళ్ల పేరు దగ్గర నా పేరు తీసేసి TEST అని పెట్టుకున్నాను. మళ్లీ ఒక్కసారీ రాలేదు.

ప్లగ్గే.

జనవరి 17

కొత్త వెర్షన్ ఇచ్చేశాను. స్టార్టర్లు బిగించే కుర్రాడు హరీష్ ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని బచ్చన్నపేట వైపు బయల్దేరాడు. అక్కడ అయ్యాక దంతాలపల్లి, చివరికి వాళ్ల చిట్యాల. పొలాల వెంట తిరిగి పాత స్టార్టర్లకు ఎక్కించాలి, కొత్తవి బిగించాలి. యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజులు. అందరికీ తొందరే.

దంతాలపల్లి తండాల్లో అమ్మకాలు బాపు పుణ్యమే. కనపడిన ప్రతివాళ్లకూ, "మా ప్రియ చేసిన మిషిను. ఫోన్ల నొక్కుడే, బాయి కాడికి పోవుడు లేదు" అని చెబుతాడట. ఆ మాట రాజేందర్ సార్‌ది. బాపు నోట్లో ఇంకా బాగుంటుంది.

జనవరి 29

బచ్చన్నపేట నుంచి సోమనర్సయ్య అనే రైతు ఫోన్ చేశాడు. "మేడం, కరెంటు లేనప్పుడు బంద్ జేసిన. బంద్ అయిందని మెసేజ్ గూడ వచ్చింది. కరెంటు రాంగనే మల్ల నడుస్తాంది. గిదేం కత?"

హరీష్‌ను అడిగితే, "అటు సిగ్నల్ రాదక్కా" అన్నాడు.

సిగ్నల్ లేకపోతే జవాబు ఎలా వచ్చింది? అడగాలనుకున్నాను. ఇంతలో కొత్త బోర్డులు వచ్చాయి.

ఫిబ్రవరి 6

ప్రేమ్‌సింగ్ మామ చెయ్యి మోటార్‌లో పడింది.

ఫిబ్రవరి 7

నిన్న రాయలేకపోయాను.

ప్రేమ్‌సింగ్ మామది మా పక్క తండా. బాపు మాట మీదే స్టార్టర్ పెట్టించుకున్నాడు. నిన్న కరెంటు పోయిందట. మోటార్‌కు, పంపుకు నడుమ ఉండే కప్లింగ్ రబ్బర్లు అరిగి చాలా రోజులైంది, ఎలాగూ కరెంటు లేదు, మార్చేద్దామని బాయి దగ్గరికి పోయాడు. పోయేముందు ఫోన్‌లో ఆఫ్ నొక్కాడు. జవాబు వచ్చింది. ఇంట్లో భార్య నీలి అత్తకు కూడా చూపించాడట, "బంద్ అయింది చూడు" అని.

చెయ్యి కప్లింగ్ మీద ఉండగా కరెంటు వచ్చింది.

బాపు ఫోన్‌లో చెప్పాడు ఇదంతా. "మూడు వేళ్లు పోయినయి బిడ్డా. కుడి చెయ్యి. బంద్ జేసినంక ఎట్ల నడిచింది? నీ మిషిను తోని గట్ల అయితదా?"

"కాదు బాపు. వైరింగ్‌ల ఏమన్న తేడా ఉంటది," అన్నాను.

అంత త్వరగా ఎలా అనగలిగానో.

ఫిబ్రవరి 9

హరీష్ తండాకు పోయి ఆ స్టార్టర్ విప్పుకొచ్చాడు. అక్కడ ప్రేమ్‌సింగ్ తమ్ముళ్లు అతణ్ని పట్టుకుని కొట్టారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. స్టార్టర్‌ను నా బల్ల మీద పెట్టి, "చూడక్కా. నేనేం తప్పు చెయ్యలే. వైర్లన్నీ మంచిగనే ఉన్నయి," అన్నాడు.

చూశాను. పొద్దంతా ఆఫ్ పంపాను, ప్లగ్ పీకి పంపాను, పెట్టి పంపాను. ప్రతిసారీ రిలే పడింది. స్టార్టర్ బాగానే ఉందని రాజేందర్ సార్‌కు చెప్పాను. నేను చూసింది అంతే కదా, చూసిందే చెప్పాను.

సార్ హరీష్‌ను లోపలికి పిలిచారు. "మిషిన్ల తప్పు లేదంటాంది ప్రియ. అయితే బిగించుట్ల ఉన్నట్టే. కొన్ని రోజులు రాకు. జర సల్లవడనీ."

హరీష్ నా వైపు చూశాడు. స్క్రూలు డబ్బాలో వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 10

మామ మెయిన్ స్విచ్ తీయలేదు కదా. పంపు మీద చెయ్యి పెట్టేవాళ్లు ఎవరైనా మెయిన్ తీస్తారు. స్టార్టర్ డబ్బా మీద కూడా రాసి ఉంది.

ఫిబ్రవరి 11

మెయిన్ తీసి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఫిబ్రవరి 13

వరంగల్ దవాఖానకు బాపుతో కలిసి పోయాను. ప్రేమ్‌సింగ్ మామ చేతికి పెద్ద కట్టు కట్టి, దిండు మీద పెట్టి ఉంచారు. నన్ను చూసి లేవబోయాడు. మా తండా భాషలోనే మాట్లాడాడు. చదువుకున్న పిల్ల, పని వదిలి వచ్చిందని మురిసిపోయాడు.

"నాదే తప్పు బిడ్డా," అన్నాడు. "మెయిన్ తియ్యాలె. ఎప్పుడూ తీసేటోన్నే. ఆ రోజు ఫోన్ల బంద్ అయిందని వచ్చింది గదా అని ఊకున్న. తమ్ముండ్లు గూడ అదే తిడుతాండ్రు, గింత వయసు వచ్చింది, గా మాత్రం తెల్వదా అని."

నీలి అత్త మంచం పక్కన కింద కూర్చుని కమలాపండు తొనలు వొలుస్తోంది. "నాకు జూపిచ్చిండు," అంది. "బంద్ అయిందని ఫోన్ జూపిచ్చిండు. నాకు చదువు రాకపాయె. అయినా సూసిన."

మామ మళ్లీ, "నాదే తప్పు," అన్నాడు.

నేనేం అనలేదు. అనకపోవడం కూడా ఒక జవాబే అని బస్సులో కూర్చున్నాక తెలిసింది.

ఫిబ్రవరి 15

దొరికింది.

అంతా రాయాలి. బల్ల మీద ఎన్నిసార్లు పంపినా ఎందుకు పనిచేసిందంటే, పంపేవాడి పేరు TEST. నాలుగు అక్షరాలు.

కరెంటు లేనప్పుడు వచ్చిన ఆజ్ఞను స్టార్టర్ మెమొరీలో రాసి పెట్టుకుంటుంది. ముందు పంపినవాళ్ల పేరు, దాని వెనకే సమయం. సమయం నాలుగు బైట్లు. ఈ చిన్న చిప్ నాలుగు బైట్లను ఒక్క పట్టున తీసుకోవాలంటే అవి నాలుగుతో భాగించే చిరునామా దగ్గర మొదలవ్వాలి. లేకపోతే ఉన్నచోటే నిలిచిపోతుంది. పేరుకు నాలుగు అక్షరాలుంటే సమయం సరైన చోట పడుతుంది. ఎనిమిదైనా పడుతుంది. తక్కినవాటికి పక్కకు జరుగుతుంది.

పాత కంపైలర్ ఒక్కో బైటూ ఏరి తీసేది. పక్కకు జరిగినా దానికి ఫరక్ పడలేదు. కొత్తది నా కోడ్‌ను నమ్మింది. 'ఇది సరైన చోటే మొదలవుతుంది' అని అందులో ఎప్పుడో నేనే రాసిచ్చాను. అది నమ్మి, ఒక్క పట్టున లాగింది. కంపైలర్ తప్పేమీ లేదు. నేను ఇచ్చిన మాటే అబద్ధం. ఆ సంగతే చెప్పబోయిన హెచ్చరికల నోరు నొక్కిందీ నేనే.

జవాబు ముందు పోతుంది, తర్వాత మెమొరీలో రాస్తుంది, ఆ తర్వాత రిలే పడుతుంది. మెమొరీ దగ్గరే చిప్ నిలిచిపోతే రిలే అలాగే ఉండిపోతుంది. కరెంటు రాగానే మోటార్ నడుస్తుంది.

TEST తీసేసి PREMSINGH అని పెట్టాను. ప్లగ్ పీకాను. ఆఫ్ పంపాను. 'మోటార్ ఆఫ్' అని వచ్చింది.

రిలే పడలేదు.

తర్వాత PRIYA అని పెట్టాను. ఏమవుతుందో పెట్టకుండానే తెలుసు.

ఫిబ్రవరి 16

పొద్దున్నే రాజేందర్ సార్ ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. మొదట అన్న మాట, "ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు."

"చప్పుడు జేయకుంట కొత్తది ఎక్కిద్దాం. అప్‌గ్రేడ్ అని చెప్పుదాం."

"అంతలో ఇంకెవరి చెయ్యన్న పడితే సార్?"

చివరికి, "ఫోన్లు చెయ్యి," అన్నారు. పొద్దంతా రైతులకు ఫోన్లే. స్టార్టర్‌లో లోపం ఉంది, మేం వచ్చేదాకా ఫోన్‌లో ఆఫ్ నమ్మవద్దు, మెయిన్ తీయకుండా పంపు ముట్టవద్దు. సోమనర్సయ్య, "నేను ఆనాడే జెప్పలే?" అన్నాడు. చెప్పాడు.

చివరి ఫోన్ హరీష్‌కు. "నీ తప్పు లేదు హరీష్. నా కోడ్‌దే," అన్నాను.

అతను ఏడుస్తున్నాడని కొంచెంసేపటికి గానీ అర్థం కాలేదు. "మా బాపుకు జెప్పక్కా," అన్నాడు. "ఆయన గూడ నమ్ముతలేడు." పౌలు గారికి ఫోన్ ఇచ్చాడు. ఆయనకూ చెప్పాను. "దేవుడు నిన్ను సల్లగ సూడాలె బిడ్డా, నిజం జెప్పినవ్," అన్నాడు ఆ పెద్దాయన. చిట్యాల చర్చిలో నా కోసం ప్రార్థన చేయిస్తాడట.

ఫిబ్రవరి 22

హరీష్‌తో కలిసి పొలాల వెంట తిరుగుతున్నాను. బచ్చన్నపేట అయిపోయింది. ప్రతి బాయి దగ్గరా ల్యాప్‌టాప్ తీసి, వైరు పెట్టి, సరిచేసింది ఎక్కించి, కరెంటు తీసి, రకరకాల పేర్లతో ఆఫ్ పంపి చూస్తున్నాం. రిలే పడినప్పుడల్లా టక్‌మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టుకుంటున్నాను.

రైతులు తిట్టలేదు. చాయ్ పోశారు. నా కథ విని, ఎవరికైనా జరిగేదే అంటున్నారు. రాజేందర్ సార్ కూడా నిన్న అదే అన్నారు. "కంపైలర్ల లోపల గిట్ల ఉంటదని ఎవలకు తెలుస్తది ప్రియా? ఊకె పరేషాన్ గాకు."

మార్చి 2

ప్రేమ్‌సింగ్ మామ ఇంటికి వచ్చేశాడు. బాపు పోయి సంగతి చెప్పాడట, కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన చిక్కని, కావాలని చేసింది కాదని. మామ సరే అన్నాడట. తమ్ముళ్లు మాత్రం, "అది ఏమన్న గానీ, మెయిన్ తియ్యాలె గదా," అంటూనే ఉన్నారట.

అందరూ మంచిగా ఉన్నారు. నిద్ర పడుతోంది.

మార్చి 4

నిద్ర పడుతోందని రాశాను. ఇక్కడ కూడా అబద్ధమే.

జనవరి 11న రాయని సంగతి ఒకటుంది.

చిప్‌లో ఒక కాపలా టైమర్ ఉంటుంది. చిప్ ఎక్కడైనా బిగుసుకుపోతే అదే దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. మొదలైనప్పుడు రిలే ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ జాగ్రత్త కోసమే మొదట్లో అలా రాశాను. ఎవరి పొలంలో ఏ తప్పు జరిగినా మోటార్ నడవకుండా ఉండాలని.

ఆ రోజు బల్ల మీద స్టార్టర్ బిగుసుకోవడం, కాపలా టైమర్ దాన్ని లేపడం, ఇలా జరుగుతూ ఉంది. ఎక్కడ ఆగుతోందో చూడనివ్వడం లేదు. అందుకని టైమర్‌ను ఆపేశాను. చూసేంతవరకే అనుకున్నాను. ఏమీ తేలక, ప్లగ్ మార్చి, TEST అని పెట్టుకుని ఇంటికి పోయాను. టైమర్ ఆపేసే ఉంది. ఆ వెర్షన్‌నే అలాగే హరీష్‌కు ఇచ్చేశాను.

అది నడుస్తూ ఉంటే, కంపైలర్ ఏం చేసినా, నా కోడ్‌లో ఎంత తప్పున్నా, చిప్ లేచేది, రిలే పడేది. మామ వేళ్లు ఉండేవి.

కంపైలర్ సంగతి అందరికీ చెప్పాను. అది చెప్పుకోగలిగిన తప్పు. చెబితే చాయ్ పోస్తారు, ప్రార్థన చేస్తారు. దీని గురించి ఎవరికీ చెప్పలేదు. సరిచేసిన వెర్షన్‌లో ఆ ఒక్క లైనూ చప్పుడు చేయకుండా తిరిగి పెట్టాను.

మార్చి 6

చిట్యాలలో చివరి పొలాలు. గట్టు మీద కూర్చుని సద్ది విప్పాక హరీష్‌కు చెప్పాను. ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ప్లగ్ గాదని నీకు ఆనాడే ఎర్కనా అక్కా?"

"సగం ఎర్క."

"నన్ను రావద్దన్ననాడు?"

"అప్పుడు గూడ సగం ఎర్కనే. మిగతా సగం తెల్సుకోవద్దనుకున్న."

సద్ది కట్టేశాడు. ఇద్దరం మిగిలిన బాయిలు చూశాం. సాయంత్రం బస్సు దగ్గర దింపి, "కొట్టినోళ్ల మీద కోపం లేదక్కా. వాళ్లకు తెల్వదు," అని బండి తిప్పుకుని పోయాడు.

మార్చి 7

రాజేందర్ సార్‌కు చెప్పాను. కొత్త కంపైలర్ అంటే జనం అర్థం చేసుకుంటారు, ఇది చెబితే కంపెనీ మూసుకోవలసిందేనని అన్నారు. తండాకు పోయి చెబుతానన్నాను.

"పోతే మల్ల ఇటు రాకు ప్రియా," అన్నారు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. పోయేముందు స్టార్టర్ల పని మొత్తం వేరేవాళ్లకు అప్పజెప్పి పొమ్మన్నారు. అప్పజెప్పాను. కాపలా టైమర్ లైను ఎక్కడుందో, దాన్ని ఎందుకు ముట్టుకోకూడదో కూడా చూపించాను.

మార్చి 9

ప్రేమ్‌సింగ్ మామ ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చోబెట్టారు. బాపు నా వెంటే వచ్చాడు. అతనికి కూడా అప్పటిదాకా చెప్పలేదు. మా భాషలో చెప్పడం మొదలుపెట్టాను. కాపలా టైమర్‌కు మాట దొరకలేదు. "మిషిను నిద్రపోతే లేపేటోన్ని ఒకన్ని పెట్టిన. పని జేసుకోనిస్తలేడని నేనే తీసేసిన," అన్నాను.

నీలి అత్త అడిగింది, "మల్ల ఎందుకు పెట్టలే?"

ఇన్ని రోజులు నేను వెతుకుతున్న పెద్ద కారణాలేవీ ఆ ప్రశ్న ముందు నిలబడలేదు.

"మర్చిపోయిన," అన్నాను.

"మర్చిపోయినవా."

అంతే. తిట్టలేదు. నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. ముందు నేనే కళ్లు దించుకున్నాను.

ప్రేమ్‌సింగ్ మామ ఎడమ చేత్తో గోడ పట్టుకుని లేచి, తమ్ముళ్లను పిలుచుకురమ్మన్నాడు. పక్కిళ్లవాళ్లను కూడా. వాళ్లంతా వచ్చి కూర్చున్నాక నాతో, "ఇప్పుడు జెప్పు. మొదటి సంది జెప్పు," అన్నాడు.

చెప్పాను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను. కాలేదు. హరీష్‌ను కొట్టిన చిన్న తమ్ముడు లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు. బాపు పందిరి గుంజకు ఆనుకుని నేల వైపు చూస్తున్నాడు. "మా ప్రియ చేసిన మిషిను" అని అతను చెప్పిన ఇళ్లవాళ్లే ఆ చుట్టూ కూర్చున్నవాళ్లంతా.

అయిపోయాక మామ వాళ్ల వైపు తిరిగాడు.

"ఇన్నరా?" అన్నాడు. "నేను బంద్ జేసిన. బంద్ జేసే పోయిన."

ఎవరూ మెయిన్ మాట ఎత్తలేదు.

మామ లోపలికి పోయి పడుకున్నాడు. తోవలో బాపు నా కంటే ముందు నడిచాడు. ఇల్లు వచ్చాక కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ముంచి ఇచ్చాడు.

మార్చి 10

పొద్దున నీలి అత్త ఫోన్ చేసింది. "ఆ మిషిను వచ్చి తీసుకపో. పాత బటన్ల స్టార్టర్ ఇంట్లనే ఉన్నది. గదే పెట్టు. పొలం ఎండుతాంది."

హరీష్ సరిచేసి మళ్లీ బిగించిన స్టార్టర్ అది. ఇప్పుడు దాంట్లో ఏ తప్పూ లేదు. ఆ మాట అనాలనిపించింది గానీ, పనిముట్లు తీసుకుని వాళ్ల బాయి దగ్గరికి పోయాను.

మెయిన్ తీశాను. లైను బంద్ అయిందా లేదా అని టెస్టర్ పెట్టి చూశాను. మళ్లీ చూశాను. నా స్టార్టర్ విప్పి గట్టు మీద పెట్టాను. పాత డబ్బాకు పట్టిన మట్టి దులిపి, గోడకు ఎక్కించి, వైర్లు ఒక్కొక్కటీ బిగించాను. నీలి అత్త పక్కనే నిలబడి చూస్తోంది. ఏ వైరు ఎక్కడికో అడిగి తెలుసుకుంది. కప్లింగ్ మీద రేకు మూత కొత్తగా కనిపించింది. తమ్ముళ్లు చేయించారట.

"అయింది అత్తా. మెయిన్ పెడుతున్న," అన్నాను.

పెట్టాను. ఆమె బొటనవేలితో పచ్చ బటన్ నొక్కింది. మోటార్ మొదట మూలిగి, తర్వాత అందుకుంది. ఎర్ర బటన్ నొక్కింది. ఆగింది. ఆగాక కూడా కొంచెంసేపు చూస్తూ నిలబడింది. మళ్లీ పచ్చది నొక్కింది. పైపు దగ్గి, గాలి వదిలి, నీళ్లు దూకాయి.

అటే చూస్తూ ఉండిపోయాను. నీళ్లు పాదాల మీదికి వచ్చిన సంగతి కూడా తెలియలేదు.

నీలి అత్త పార తీసుకుని నా పక్కకు వచ్చింది.

"కాల్వకు అడ్డం నిలవడ్డవు," అంది. "జరుగు."